అడగాల్సింది గేటు దాటకముందే

సైన్యం నుంచి విడుదలై ఇంటికొచ్చిన మనిషికి మన ఊళ్లలో దొరికే సలహాల్లో అందరూ చెప్పేది ఒకటుంది. "డిజబిలిటీ సంగతి ఇప్పుడెందుకురా? సర్వీసు పెన్షన్ వస్తోందిగా. ఒళ్లు మరీ మొరాయించినప్పుడు పెట్టుకుందువుగాని. గవర్నమెంటు ఎక్కడికి పోతుంది?" చెప్పేది ఎవరో కాదు. అదే రెజిమెంటులో పనిచేసి పదేళ్ల ముందు ఇంటికొచ్చిన సుబేదారు, లేదా ఆఫీసుల చుట్టూ తిరిగి విసిగిన బాబాయి. వాళ్ల మనసులో చెడు లేదు. అయినా నేను చూసినంతలో సైనికుడికి ఇంతకంటే నష్టం చేసే సలహా లేదు. పశ్చిమ గోదావరి జిల్లాలో మిలటరీ మాధవరం లాంటి ఊరు ఉన్న ప్రాంతం మనది. తరాల తరబడి బిడ్డల్ని సైన్యానికి పంపిన చోట ఇంత తప్పు మాట పెద్దల మాటగా చెలామణి కావడం బాధ కలిగిస్తుంది.

నేను చెప్పదలచింది సూటిగానే చెబుతాను. వైకల్య పింఛను కోరాల్సిన సమయం సర్వీసు చివరి నెలల్లో, విడుదల వైద్య బోర్డు ముందు కూర్చున్నప్పుడే. అది ఏ కారణం చేతనైనా జారిపోతే ఇంటికొచ్చిన మొదటి నెలల్లోనే అడగాలి. అంతకు మించి ఆగమనే ప్రతి వాదనా పరీక్షకు నిలవదు. ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు ఈ పింఛను దేనిమీద నిలబడుతుందో తెలియాలి. మన సైన్యంలో దీనికి రెండు ప్రశ్నలు. ఒకటి, వైకల్యం ఎంత శాతం? 1961 నాటి సైనిక పింఛను నిబంధనల కాలం నుంచీ కనీసం 20 శాతం ఉండాలన్నది ప్రమాణం. రెండు, ఆ వైకల్యం సేవ వల్ల కలిగిందా, లేదా సేవ వల్ల ముదిరిందా? రెండింటికీ అనుకూలంగా జవాబు వస్తే చివరి జీతంలో 30 శాతాన్ని నూరు శాతం వైకల్యానికి కొలమానంగా పెట్టుకుని, ఉన్న శాతాన్ని బట్టి వైకల్య భాగం లెక్కకడతారు. ఇందులో అతి ముఖ్యమైన మాట మరొకటి. ఈ రెండు ప్రశ్నలకూ మొదటి జవాబు రాసేది రికార్డ్స్ ఆఫీసో, ప్రయాగ్‌రాజ్ (అలహాబాదు)లోని పింఛను కార్యాలయమో, న్యాయస్థానమో కాదు. విడుదలకు ముందు కూర్చునే సైనిక వైద్య బోర్డే రాస్తుంది. ఆ బోర్డు ముందు మనిషి ఉంటాడు. అతని వైద్య పత్రాలన్నీ ఉంటాయి. ఏ పోస్టింగులో ఎప్పుడు ఆసుపత్రిలో చేరాడో, ఏ ఏడు వైద్య కేటగిరీ తగ్గిందో అన్నీ ఒకే ఫైలులో ఉంటాయి. అంత సమగ్రమైన విచారణ ఆ మనిషి జీవితంలో మళ్లీ రాదు. తర్వాత ఎవరు తేల్చినా ఆ రోజు రాసిన కాగితాన్ని చదివే తేలుస్తారు.

అలాంటి రోజున చాలామంది జవాన్లు ఏం చేస్తారు? "అంతా బాగానే ఉంది సార్" అని సంతకం పెట్టి, త్వరగా బండెక్కాలన్న ఆత్రంలో బయటపడతారు. నడుం నొప్పి గురించి చెప్పరు. పేలుళ్ల మధ్య గడిపిన ఏళ్లలో మందగించిన వినికిడి గురించి చెప్పరు. రాత్రి నిద్రపట్టని సంగతి అసలే చెప్పరు. తర్వాత పదేళ్లకు ఆ నొప్పే మంచాన పడేసినప్పుడు, అతను సంతకం పెట్టిన ఆ కాగితమే అతనికి ఎదురు సాక్ష్యంగా నిలుస్తుంది.

ఇక ఆగమనే వాదనల్లో మొదటిది: "హక్కు ఎక్కడికీ పోదు, ఎప్పుడడిగినా ఇస్తారు." ఇందులో సగం నిజం ఉంది కాబట్టే ఇది మరీ ప్రమాదకరం. పింఛను నెలనెలా ఆగుతూ ఉండేది కనుక అది కొనసాగే అన్యాయం కిందికి వస్తుందని, ఆలస్యమైందన్న కారణంతోనే దాన్ని పూర్తిగా తోసిపుచ్చకూడదని సుప్రీంకోర్టు 2008లో తర్సేమ్ సింగ్ కేసులో చెప్పింది. ఊళ్లో జనం ఈ మాట వరకే విని ఆగిపోతారు. ఆ కేసులో తర్వాత ఏమైందో ఎవరూ చెప్పరు. ఆ సైనికుడు 1983 నవంబరులో వైద్య కారణాలతో సైన్యం నుంచి బయటికి వచ్చాడు. హైకోర్టుకు వెళ్లింది 1999లో. హైకోర్టు డివిజన్ బెంచ్ మొదటి నుంచీ బకాయిలు ఇవ్వమంది. సుప్రీంకోర్టు ఆ భాగాన్ని కొట్టేసి, బకాయిలను దావాకు ముందు సుమారు మూడేళ్లకే పరిమితం చేసింది. అంటే పింఛను దక్కింది గానీ పదమూడేళ్ల సొమ్ము పోయింది. ఆ తీర్పు వెలువడ్డ నాటి నుంచి ఆలస్యంగా వచ్చిన కేసుల్లో ఆ మూడేళ్ల గీతే మళ్లీ మళ్లీ గీస్తున్నారు. బోర్డు వేసిన శాతాన్ని పైకి సవరించే (20ని 50గా లెక్కించడం లాంటి) కేసుల్లో కొన్ని తీర్పులు వేరే దారిలో నడిచిన మాట నిజం. కానీ అలాంటి మినహాయింపు తనకూ దొరుకుతుందని నమ్మి ఏళ్లు గడిపేవాడు తన కుటుంబం సొమ్మును పందెం కాస్తున్నట్టే.

ఆ నష్టం ఎంతో లెక్కవేద్దాం. 2010లో విడుదలైన హవల్దారు చివరి జీతం లెక్కకు 20 వేలు అనుకుందాం. నూరు శాతానికి 30 శాతం చొప్పున 6 వేలు. వైకల్యం 20 శాతమని తేలి, శాతాన్ని పైకి సవరించే నియమం కింద అది 50గా లెక్కకొస్తే నెలకు 3 వేలు. అతను 2020లో అడిగితే వెనక్కి మూడేళ్లు దక్కుతాయి, ఏడేళ్లు పోతాయి. అంటే 2 లక్షల 52 వేలు. కరువు భత్యం, వేతన సవరణలు కలపకుండానే ఇంత. ఒక చిన్న ఊళ్లో ఆడపిల్ల చదువుకు ఈ సొమ్ము చాలు. ఆ సొమ్మును ఏ ప్రభుత్వమూ లాక్కోలేదు, ఏ గుమాస్తా దిగమింగలేదు. "ఇప్పుడేం తొందర" అన్న మాట తినేసింది.

రెండో వాదన: "ఇప్పుడు అడిగితే తక్కువ శాతం వేస్తారు. ముదిరాక అడిగితే ఎక్కువ వస్తుంది." విన్నప్పుడు తెలివైన మాటలాగే అనిపిస్తుంది. నిబంధనలు తెలియకపోవడం వల్లే అలా అనిపిస్తుంది. 2001 ఫిబ్రవరి 7న రక్షణ శాఖ ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, శాశ్వత వైకల్యానికి బోర్డు వేసిన శాతం జీవితకాలానికి ఖాయం. సైనికుడు తానే పునఃపరీక్ష కోరితే తప్ప దాన్ని కదపరు. అంతకుముందు సైనికుణ్ణి కొన్నేళ్లకోసారి రీసర్వే బోర్డుకు పిలిచి శాతాన్ని తగ్గించే పద్ధతి ఉండేది. ఆ భయం పాతతరం వాళ్లలో ఇంకా ఉంది. నియమం మారి పాతికేళ్లు దాటింది. ఇప్పుడు ముందే అడిగినవాడికి ఒకసారి దక్కింది పోదు, పైగా జబ్బు ముదిరితే తిరిగి పరీక్ష కోరే దారి తెరిచే ఉంటుంది. ఆగినవాడికి ఆ రెండూ లేవు.

"మరి కొన్ని జబ్బులు ఇంటికొచ్చాకే బయటపడతాయి కదా, ముందే ఎలా అడుగుతాం?" అని న్యాయంగా అడిగేవాళ్లున్నారు. నిజమే. కీళ్ల అరుగుదల, వినికిడి లోపం, మానసిక వ్యాధులు సర్వీసులో మొలకెత్తి తర్వాత పైకి రావచ్చు. నియమాలు దీన్ని ఊహించాయి. సేవాకాలంలోనే మొదలైన రోగప్రక్రియ ఆలస్యంగా బయటపడిందని వైద్యులు నిర్ధారిస్తే, విడుదల తర్వాత వచ్చిన జబ్బును కూడా సేవకు ముడిపెట్టే అవకాశాన్ని 2008 నాటి అర్హత నియమాలు ఇచ్చాయి. కానీ దానికి ఏడేళ్ల గడువుంది. కాబట్టి ఆలస్యంగా వచ్చే జబ్బులున్నాయన్న నిజం ఆగమని చెప్పదు. డాక్టరు మొదటిసారి జబ్బు పేరు రాసిన రోజునే కదలమని చెబుతుంది.

మూడో వాదనకు కోర్టు తీర్పులే ఆధారంగా చూపుతారు. "సుప్రీంకోర్టు సైనికుల పక్షాన ఉంది. ఎప్పుడు వెళ్లినా గెలుస్తాం" అంటారు. 2013లో వచ్చిన ధర్మవీర్ సింగ్ తీర్పు నిజంగానే గొప్పది. 1985లో సిగ్నల్స్ విభాగంలో చేరిన ఆ సిపాయిని మూర్ఛవ్యాధితో 1994లో 20 శాతం వైకల్యంతో ఇంటికి పంపారు. జబ్బుకు సేవతో సంబంధం లేదని పింఛను నిరాకరించారు. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. చేరేటప్పుడు జబ్బు ఉన్నట్టు నమోదు కాకపోతే మనిషి ఆరోగ్యంగానే చేరాడని భావించాలనీ, తర్వాత వచ్చిన జబ్బుకు సేవతో సంబంధం లేదని నిరూపించే భారం ప్రభుత్వానిదేననీ, అనుమానం వస్తే దాని ఫలం సైనికుడికే దక్కాలనీ చెప్పింది. 2014లో సుఖ్వీందర్ సింగ్ కేసులో ఇదే మాట మరింత గట్టిగా చెప్పింది. అదే ఏడాది డిసెంబరులో రామ్ అవతార్ కేసులో, పదవీకాలం పూర్తిచేసి విడుదలైనవాళ్లకు కూడా శాతాన్ని పైకి సవరించే సౌకర్యం వర్తిస్తుందని తేల్చింది.

ఈ తీర్పుల మీద నాకు ఎంతో గౌరవం ఉంది. అందుకే వాటిని ఆలస్యానికి సాకుగా వాడటం సహించలేను. ఆరోగ్యంగానే చేరాడన్న ఈ భావన ఎప్పుడు పనిచేస్తుందో గమనించండి. చేరేటప్పుడు జబ్బు లేదని ఒక కాగితం, సర్వీసులో ఉండగా జబ్బు వచ్చిందని మరో కాగితం, ఈ రెండూ ఉన్నప్పుడే. ధర్మవీర్ సింగ్‌కు బోర్డు వేసిన 20 శాతం కాగితం చేతిలో ఉంది. బోర్డు ముందు నోరు విప్పనివాడికి రెండో కాగితమే ఉండదు. ఇక కాగితాలకు కూడా ఆయుష్షుంది. పింఛను లేకుండా విడుదలైనవాళ్ల సర్వీసు పత్రాలను 25 ఏళ్ల తర్వాత ధ్వంసం చేయవచ్చని సైనిక నిబంధనలే చెబుతున్నాయి. 15 ఏళ్ల సర్వీసు నిండకముందే జబ్బుతో ఇంటికి చేరిన సిపాయికి సర్వీసు పింఛను రాదు కనుక వైకల్య పింఛనే ప్రధాన ఆధారం. అతని పత్రాలకే ఈ గండం. "ఫైలు నాశనమైంది" అన్న ఒక్క జవాబుతో ట్రిబ్యునల్ ముందు కేసు ఎంత బలహీనపడుతుందో అక్కడ నిలబడ్డవాళ్లకు తెలుసు. తీర్పులెంత మంచివైనా వాటిని వర్తింపజేయడానికి ఒక కాగితం కావాలి.

నాలుగో వాదన సిగ్గు గురించి. "కాళ్లు పోయినవాళ్లు, తూటా తగిలినవాళ్లు అడగాలి గానీ, బీపీకీ నడుం నొప్పికీ అడగడమేంటి? దేశాన్ని దోచుకోవడం కాదా?" రక్తపోటు, మధుమేహం లాంటి జీవనశైలి వ్యాధుల పేరిట వైకల్య పింఛన్లు పెరుగుతున్నాయని కాగ్ సైతం ఎత్తిచూపాక ఈ మాటకు బలం పెరిగింది. అక్రమంగా తీసుకునేవాళ్లు ఉంటే వాళ్లని పట్టుకోవాలి, అందులో రెండో మాట లేదు. కానీ ఆ పేరుతో అసలు రోగిని సిగ్గుపడమనడం అన్యాయం. 18 వేల అడుగుల ఎత్తున ప్రాణవాయువు చాలని చోట నెలలు గడిపినవాడి గుండెకు, ఏళ్ల తరబడి కుటుంబానికి దూరంగా, నిద్ర చాలక, ఒత్తిడిలో బతికినవాడి రక్తనాళాలకు ఏం జరుగుతుందో వైద్యానికి తెలుసు. శాంతి ప్రాంతంలో పోస్టింగు ఉండగా మధుమేహం బయటపడిందన్న ఒక్క కారణంతో పింఛను కాదనలేమని ఢిల్లీ హైకోర్టు 2025లో స్పష్టం చేసింది. దుర్వినియోగానికి విరుగుడు ఏమిటో కూడా చెప్పాలి. సర్వీసులో ఉండగానే, వైద్య రికార్డుల సాక్షిగా, బోర్డు ముందు అడిగిన దావాలో మోసానికి చోటు తక్కువ. ఇరవై ఏళ్ల తర్వాత కాగితం లేకుండా వచ్చే దావాయే అనుమానానికి తావిస్తుంది. నిజాయితీపరుడు తన పేరు నిలుపుకోవాలంటే ముందే అడగాలి.

ఐదో వాదనలో బరువుంది, దాన్ని తేలిగ్గా కొట్టిపారేయను. "వైద్య కేటగిరీ తగ్గితే ప్రమోషన్ పోతుంది, డీఎస్‌సీ (డిఫెన్స్ సెక్యూరిటీ కోర్)లో మళ్లీ చేరాలంటే వైద్యార్హత కావాలి, బయట సెక్యూరిటీ ఉద్యోగం అడిగితే ఫిట్‌నెస్ అంటారు." నిజం. ఈ భయం వల్లే ఎంతోమంది సర్వీసులో ఉండగా నొప్పిని దాచి, సెలవులో ఇంటికొచ్చినప్పుడు ప్రైవేటు డాక్టరు దగ్గర మందులు రాయించుకుంటారు. ఆ మందుల చీటీ సైనిక రికార్డులోకి ఎప్పటికీ ఎక్కదు. ప్రమోషన్ ఎదురుచూసే వయసులో ఈ బేరం ఎంత కష్టమో నేను ఊహించగలను. కానీ పింఛను ఉత్తర్వు దాదాపు చేతికొచ్చిన చివరి ఏడాదిలో, ఇంకే ప్రమోషన్ కోసం దాస్తున్నారు? కొన్నేళ్ల డీఎస్‌సీ జీతానికీ, జీవితాంతం వచ్చే వైకల్య భాగానికీ మధ్య ఎంపిక ఎదురైతే దాన్ని కళ్లు తెరిచి చేసుకోవాలి, ఊళ్లో మాట విని కాదు. వైకల్య పింఛను తీసుకుంటున్నందుకు బయటి ఉద్యోగం చేయకూడదన్న నియమం ఏదీ లేదు.

ఇంకా ఒక విషయం మనవాళ్లు అసలు లెక్కలోకి తీసుకోరు. ఆ పింఛను ఒక్క మనిషిది కాదు, ఆ ఇంటిది. సేవ వల్ల కలిగినదిగా రికార్డైన జబ్బుతోనే తర్వాత అతను కన్నుమూస్తే, భార్య ప్రత్యేక కుటుంబ పింఛను కోరడానికి దారి ఉంటుంది. మామూలు కుటుంబ పింఛను చివరి జీతంలో 30 శాతమైతే, ప్రత్యేక పింఛను 60 శాతం. బతికుండగా మొహమాటంతో అడగనివాడు, పోయాక ఆ భారాన్ని వితంతువు భుజాల మీద పెట్టిపోతాడు. ఆమె చేతిలో ఏ వైద్య కాగితమూ ఉండదు, ఏ బోర్డూ ఆమెను పిలవదు.

రాబోయే రోజుల్లో ఈ సమస్య ఇంకా పదునెక్కుతుంది. 2023 సెప్టెంబరు 21 నుంచి కొత్త అర్హత నియమాలు అమల్లోకి వచ్చాయి. పూర్తికాలం పనిచేసి వైకల్యంతో విడుదలయ్యేవాళ్లకు ఇచ్చేదానికి ఇంపెయిర్‌మెంట్ రిలీఫ్ అని కొత్త పేరు పెట్టారు. మాజీ సైనికుల సంఘాలు ఈ మార్పులను ఆక్షేపించాయి. ఆ వివాదం ఎటు తేలినా, ఇప్పుడు విడుదలయ్యేవాళ్లకు బోర్డు రాసే కారణాల విలువ పెరిగిందే గానీ తగ్గలేదు. అగ్నివీరుల సంగతి మరీ సున్నితం. 2022లో ఈ పథకం వచ్చింది. నాలుగేళ్ల సర్వీసు పూర్తిచేసి ఇంటికొచ్చేవాళ్లకు సర్వీసు పింఛను లేదు. సేవ వల్ల వైకల్యం కలిగితే దక్కేది ఒకేసారి ఇచ్చే పరిహారమే. నూరు శాతానికి 44 లక్షలు, 75 శాతానికి 25 లక్షలు, 50 శాతానికి 15 లక్షలు. పాతికేళ్లు కూడా నిండని కుర్రాడికి "తర్వాత చూద్దాం" అనడం కంటే పెద్ద అపకారం లేదు. అతనికి ఆ తర్వాత అన్నదే లేదు.

అమెరికా సైన్యం ఈ విషయంలో తన సైనికులకు చెప్పేది విందాం. అక్కడ విడుదలకు 180 రోజుల నుంచి 90 రోజుల ముందే వైకల్య దావా వేసే ఏర్పాటుంది. విడుదలైన ఏడాదిలోపు అడిగినవాడికి, దావా అంగీకరిస్తే, విడుదలైన మర్నాటి నుంచే లెక్కకడతారు. ఏడాది దాటితే మామూలుగా దరఖాస్తు పెట్టిన రోజు నుంచే. అందుకే అక్కడి సైనికుడికి తోటివాళ్లు "ముందు దావా వెయ్యి" అని చెబుతారు. మన ఊళ్లలో "ఆగు" అంటారు. మన జవాన్ల మోకాళ్లు, చెవులు, గుండెలు వాళ్లవాటికంటే గట్టివేమీ కావు.

ఇప్పుడు చేయాల్సిందేమిటి? విడుదల ఇంకా దూరంగా ఉన్నవాళ్లు ప్రతి జబ్బునూ యూనిట్ వైద్యాధికారి దగ్గర నమోదు చేయించుకోవాలి. సెలవులో బయట చూపించుకున్న రిపోర్టులు కూడా యూనిట్‌లో చూపించి ఫైలులో చేర్పించాలి. బోర్డు ముందు కూర్చున్న రోజున నొప్పి ఎప్పుడు, ఎక్కడ, ఏ పనిలో ఉండగా మొదలైందో పోస్టింగుల వారీగా రాసివ్వాలి. బోర్డు నివేదిక ప్రతి అడిగి తీసుకోవాలి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. సేవతో సంబంధం లేదని రాస్తే, కారణం చెప్పమని అడగాలి. కారణం లేని నిరాకరణ చెల్లదని ధర్మవీర్ సింగ్ తీర్పే అంటోంది. నిరాకరణ పత్రం చేతికొచ్చాక మొదటి అప్పీలుకు ఆరు నెలలు, ఆ తర్వాత రెండో అప్పీలు, అదీ తేలకపోతే సాయుధ దళాల ట్రిబ్యునల్. ట్రిబ్యునల్‌కు కూడా తుది ఉత్తర్వు వచ్చిన ఆరు నెలల్లోపు వెళ్లాలి. ఆలస్యాన్ని మన్నించే అధికారం దానికుంది గానీ, మన్నింపు మీద ఆధారపడే హక్కు సగం పోయిన హక్కే. తెలుగు రాష్ట్రాల కేసులు వినే ప్రాంతీయ బెంచ్ చెన్నైలో ఉంది. ఆలస్యమైన ప్రతి కేసూ అంత దూరం తిరగాల్సిన కేసవుతుంది.

ఇప్పటికే ఆలస్యం చేసినవాళ్లకు కూడా ఒక మాట. పోయినదాన్ని తలుచుకుని కూర్చోవద్దు. మూడేళ్ల గీతను మీరు దావా వేసిన రోజు నుంచి వెనక్కి లెక్కపెడతారు. ఈ నెల అడిగితే మూడేళ్లు దక్కుతాయి. వచ్చే ఏడాది అడిగితే అప్పటికి మరో ఏడాది సొమ్ము చేజారిపోతుంది. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లండి, డిశ్చార్జ్ బుక్ తీయండి, రికార్డ్స్ ఆఫీసుకు ఉత్తరం రాసి మీ వైద్య పత్రాలు ఇంకా ఉన్నాయో లేవో కనుక్కోండి.

ఊళ్లలో పెద్దమనుషులుగా, మాజీ సైనికులుగా ఉన్న మీకు చివరిగా నా విన్నపం. ఈసారి మీ వీధిలో ఒక కుర్రాడు విడుదల దగ్గర పడిందని ఫోన్ చేస్తే, పెళ్లి సంబంధాల గురించి, ఇల్లు కట్టుకోవడం గురించి మాట్లాడే ముందు ఒక్క ప్రశ్న అడగండి: "మెడికల్ బోర్డులో నీ నొప్పులన్నీ రాయించావా?" రాయించలేదంటే, రాయించేదాకా గేటు దాటవద్దని గట్టిగా చెప్పండి.